అమెరికా దక్షిణాది కుటుంబ మూలాలు వెతకడం: సెన్సస్, సమాధులు, పాత పత్రికలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటా, షార్లెట్, రాలీ, డల్లాస్ వైపు స్థిరపడిన మన ఇళ్లలో కొన్నింటికి అక్కడి పాత కుటుంబాల నుంచి కోడలో అల్లుడో వచ్చారు. మనవడి వంశవృక్షంలో ఒక సగం మనకు నోటికి వచ్చు. రెండో సగం కాగితాల్లో వెతుక్కోవాలి. అలాంటివాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలివి. దక్షిణాది అంటే ఇక్కడ వర్జీనియా నుంచి టెక్సస్ దాకా, బానిసత్వం ఉండి, అంతర్యుద్ధం చూసిన రాష్ట్రాలు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

బతికున్న పెద్దవాళ్ల దగ్గర. అక్కడి నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. ఫలానా జనరల్ మా పూర్వీకుడట అని పై నుంచి కిందకు దిగితే పని చెడుతుంది, ఎందుకంటే ఆ పేరున్నవాళ్లు పది కౌంటీల్లో పదిమంది ఉంటారు. ఇంట్లో కుటుంబ బైబిల్, అంత్యక్రియల రోజు పంచిన కరపత్రాలు, ఫొటోల వెనక రాతలు, పెన్షన్ కాగితాలు ఏమున్నాయో ముందు చూడండి. దొరికిన ప్రతి సంగతి పక్కన తేదీ, కౌంటీ, ఆ మాట చెప్పిందెవరు అన్నవి రాసుకోండి. ఊరు కన్నా కౌంటీ ముఖ్యం. దక్షిణాదిలో భూమి, పెళ్లి, వీలునామా, పన్ను రికార్డులన్నీ కౌంటీ కోర్టుహౌస్ చుట్టూనే తిరుగుతాయి.

సెన్సస్ వివరాలను 72 ఏళ్లు గోప్యంగా ఉంచుతారు. 1950 సెన్సస్ 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చింది, 1960ది 2032లో వస్తుంది. కాబట్టి 1950లో బతికున్న తాతనో ముత్తాతనో పట్టుకుని 1940, 1930, 1920 అంటూ వెనక్కి నడవండి.

ఏ సెన్సస్‌లో ఏం దొరుకుతుంది?

1790 నుంచి 1840 దాకా ఇంటి యజమాని పేరు ఒక్కటే రాశారు. మిగిలినవాళ్లు వయసు గడుల్లో అంకెలు మాత్రమే. 1850లో తొలిసారి స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరు, వయసు, వృత్తి, పుట్టిన రాష్ట్రం రాశారు కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. ఒకే ఇంట్లో నలభై ఏళ్ల ఆడమనిషి ఉంటే భార్యే అనుకోకండి, చెల్లెలో వదినో కావచ్చు. బంధుత్వం రాయడం 1880లో మొదలైంది. తల్లిదండ్రులు పుట్టిన రాష్ట్రాలు కూడా అప్పుడే చేరాయి. బంధుత్వం ఇంటి యజమానితోనే లెక్క. 'కొడుకు' అని ఉంటే ఆయన కొడుకని మాత్రమే అర్థం. అదే ఇంట్లో ఉన్న భార్య ఆ పిల్లాడి తల్లి అవునో కాదో ఆ గడి చెప్పదు.

1900 సెన్సస్ మీద ఎంత సమయం పెట్టినా దండగ కాదు. పుట్టిన నెల, ఏడాది, పెళ్లయి ఎన్నేళ్లు, ఆ తల్లికి ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్నీ ఉంటాయి. ఉదాహరణకు భార్య వరుసలో పెళ్లయి 11 ఏళ్లు, పుట్టినవాళ్లు 5, బతికున్నవాళ్లు 4 అని ఉంది. ఇంట్లో చూస్తే ఆరుగురు పిల్లలు, పెద్దవాడికి 16. అంటే కనీసం ఇద్దరు పెద్దపిల్లలు మొదటి భార్యకు పుట్టి ఉండాలి. ఇక వెతకాల్సింది 1889 ప్రాంతంలో రెండో పెళ్లి లైసెన్సు, అంతకు ముందు మొదటి భార్య సమాధి. ఈమెకు పుట్టి పోయిన ఆ ఒక్క బిడ్డ కోసం కుటుంబ శ్మశానంలో చిన్న రాయి ఉందేమో చూడాలి. ఇంత పనీ ఒక్క వరుస చూపించింది.

1910లో ఆ పిల్లల లెక్క మళ్లీ అడిగారు. మాజీ సైనికుల గడి కూడా ఉంది, అందులో 'సి.ఎ.' అంటే కాన్ఫెడరేట్ (దక్షిణాది) సైన్యం, 'యు.ఎ.' అంటే యూనియన్ (ఉత్తరాది) సైన్యం. 1940లో వివరాలు చెప్పిన మనిషి పేరు పక్కన సున్నాలో ఇంటూ గుర్తు వేశారు. మిగతా ఏళ్లలోనూ ఆ గుర్తు ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

1890 సెన్సస్ ఎందుకు లేదు? ఆ ఇరవై ఏళ్ల ఖాళీ ఎలా పూడ్చాలి?

1921 జనవరి 10న వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనంలో మంటలు లేచి, కాలినవి కాలగా మిగిలినవి నీళ్లకు తడిసి చాలా భాగం పోయింది. తర్వాత ఆ మిగిలినదాన్నీ ప్రభుత్వమే నాశనం చేసింది. దేశం మొత్తానికి సుమారు 6,160 పేర్లే దక్కాయి. 1880లో అయిదేళ్ల పిల్ల 1900కు పెళ్లయి, ఇంటిపేరు మారి, పక్క రాష్ట్రంలో ఉంటుంది. ఆడపిల్లలు ఎక్కువగా తప్పిపోయేది ఈ ఖాళీలోనే. కౌంటీ పెళ్లి రిజిస్టర్లు, పన్ను జాబితాలు, నగరాల డైరెక్టరీలు, తండ్రి వీలునామాలో కూతుళ్ల కొత్త ఇంటిపేర్లు దీన్ని పూడుస్తాయి. ఫ్లోరిడాకైతే 1885 రాష్ట్ర సెన్సస్, అలబామాకు 1907లో తీసిన కాన్ఫెడరేట్ సైనికుల సెన్సస్ ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక: దక్షిణ కెరొలైనాలో 1911 జులై దాకా పెళ్లి లైసెన్సే అక్కర్లేదు. అక్కడ లేని రిజిస్టర్ కోసం వెతకకుండా చర్చి పుస్తకాలు, పత్రికలు చూడండి.

ఇంటిపేరు కొడితే ఏమీ రావడం లేదు. మనిషి లేనట్టేనా?

లేనట్టు కాదు. వచ్చిన గుమాస్తా చెవికి వినిపించినట్టు రాశాడు, వందేళ్ల తర్వాత ఇండెక్స్ చేసినవాళ్లు కంటికి కనిపించినట్టు చదివారు. తప్పు రెండుసార్లు దొర్లే అవకాశం ఉంది. పాత చేతిరాతలో ఎల్, ఎస్ పెద్దక్షరాలు ఒకేలా ఉంటాయి, టి, ఎఫ్ కూడా అంతే. పక్కపక్కన రెండు ఎస్‌లు వస్తే మొదటిది ఎఫ్ లాగా పొడుగ్గా రాసేవాళ్లు, అందుకే జెస్సీ అన్న పేరు ఇండెక్స్‌లో జెఫ్సీ అయి కూర్చుంటుంది.

సౌండెక్స్ కోడ్‌తో వెతికితే స్పెల్లింగ్ తేడాలు చాలావరకు పట్టుబడతాయి. తొలి అక్షరం ఉంచి తర్వాతి హల్లులకు అంకెలిస్తారు. స్మిత్, స్మైత్, ష్మిట్ మూడూ ఎస్-530 కిందికే వస్తాయి. తొలి అక్షరమే తప్పుపడితే మాత్రం ఇది పనికిరాదు. నైట్ అన్న ఇంటిపేరును పలకని 'కె'తో రాస్తే ఒక కోడ్, గుమాస్తా 'ఎన్'తో రాస్తే వేరే కోడ్.

అప్పుడు ఇంటిపేరు వదిలేసి పిల్లల పేర్లు, వయసు, కౌంటీతో వెతకండి. పిలుపు పేర్లూ గుర్తుంచుకోండి: మేరీని పాలీ అనేవాళ్లు, మార్తాని పాట్సీ, సారాని శాలీ, మార్గరెట్‌ని పెగ్గీ. అదీ కాకపోతే ఇంతకు ముందు సెన్సస్‌లో పక్కింటివాళ్లను వెతికి, వాళ్ల పేజీ చుట్టూ రెండేసి పేజీలు వరుసగా చదవండి. ఇండెక్స్ వదిలేసి పేజీలు తిప్పడం విసుగు పనే, కానీ మొండి కేసులు చాలావరకు ఇలాగే తెగుతాయి.

ప్రతి సెన్సస్‌లో వయసు మారుతోంది. ఏది నమ్మాలి?

ముందు సెన్సస్ తేదీ చూడండి. 1830 నుంచి 1900 దాకా జూన్ 1 నాటి లెక్క, 1910లో ఏప్రిల్ 15, 1920లో జనవరి 1, 1930 నుంచి ఏప్రిల్ 1. ఒకే మనిషికి 1910లో 34, 1920లో 43 ఉన్నా రెండూ నిజమే కావచ్చు. పుట్టినరోజు జనవరి 2కీ ఏప్రిల్ 15కీ మధ్యలో ఉంటే ఆ లెక్క సరిపోతుంది. రెండు మూడేళ్ల తేడా మామూలే. వయసులు గుండ్రంగా 30, 40, 50 అని ఉంటే చెప్పినవాళ్లకే సరిగ్గా తెలియదని అర్థం, ఒక్కోసారి చెప్పింది పక్కింటివాళ్లు. చిన్నప్పటి సెన్సస్‌లోని వయసుకే ఎక్కువ విలువివ్వండి. రెండేళ్ల పిల్లాడిని ఐదేళ్లవాడని ఎవరూ రాయించరు.

కుటుంబం ఆఫ్రికన్ అమెరికన్‌ది. 1870 దాటి వెనక్కి వెళ్లగలమా?

వెళ్లొచ్చు, కానీ పద్ధతి మారుతుంది. బానిసలుగా ఉండి విముక్తి పొందినవాళ్లందరి పేర్లూ రాసిన తొలి ఫెడరల్ సెన్సస్ 1870ది. 1850, 1860ల్లో బానిసల షెడ్యూళ్లు వేరుగా ఉన్నాయి. వాటిలో యజమాని పేరు కింద ఒక్కో మనిషి వయసు, ఆడా మగా, రంగు తప్ప సాధారణంగా పేరు ఉండదు. కాబట్టి ఆ షెడ్యూల్లో వెతికేది మనిషిని కాదు, యజమానిని. ఆ యజమాని ఎవరో ముందు వేరే కాగితం నుంచి తెలియాలి.

మొదట 1870 ఇంటిని గట్టి చేసుకోండి. ఆ పేజీ, ముందు వెనక పేజీలు మొత్తం రాసుకోండి. నల్లజాతివాళ్లెవరు, భూమి ఉన్న తెల్లవాళ్లెవరు, ఎవరు ఏ రాష్ట్రంలో పుట్టారు. అలబామాలో ఉన్న ముసలాయన వర్జీనియాలో పుట్టానంటే ఆయనను అమ్మి దక్షిణానికి తోలి ఉండవచ్చు, లేదా యజమాని కుటుంబమే అక్కడి నుంచి వలస వచ్చి ఉండవచ్చు. ఇంటిపేరు ఆఖరి యజమానిదే అనుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. కొందరు అంతకు ముందు యజమాని పేరు, కొందరు తండ్రి వాడిన పేరు, కొందరు తమకు నచ్చిన పేరు పెట్టుకున్నారు. 1870కీ 1880కీ మధ్య పేరు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు.

తర్వాత 1865–1870 మధ్య కాగితాలు. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అంటే విముక్తి పొందినవాళ్లకు సాయం చేయడానికి పెట్టిన ఫెడరల్ సంస్థ, 1865 నుంచి 1872 దాకా పనిచేసింది. దాని కూలి ఒప్పందాల్లో భూస్వామి పేరు, కింద పనివాళ్ల పేర్లు వరుసగా ఉంటాయి. పాత యజమాని దగ్గరే ఏడాది కూలికి కుదిరినవాళ్లు చాలామంది. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా రిజిస్టర్లలో (1865–1874) కొన్నిచోట్ల తల్లిదండ్రులు, అన్నదమ్ములు, భార్య, పుట్టిన చోటు, పాత యజమాని దాకా రాశారు. చార్లెస్టన్, రిచ్‌మండ్, విక్స్‌బర్గ్, న్యూ ఓర్లీన్స్ శాఖలకు దగ్గర్లో ఉన్న కుటుంబమైతే వీటిని తప్పకుండా చూడాలి. 1867లో పురుషుల ఓటరు నమోదు జరిగింది. జార్జియా, అలబామా, టెక్సస్ జాబితాలు ఇంటర్నెట్లో చూడొచ్చు. ఉత్తర కెరొలైనా, వర్జీనియాల్లో 1866లో భార్యాభర్తలుగా కలిసి ఉంటున్నవాళ్లను నమోదు చేశారు. యూనియన్‌కు విధేయులమని చెప్పి నష్టపరిహారం అడిగినవాళ్ల కేసులు సదరన్ క్లెయిమ్స్ కమిషన్ ఫైళ్లలో ఉన్నాయి. వాటిలో మాజీ బానిసల సాక్ష్యాలు దొరుకుతాయి.

యజమాని పేరు తేలాక ఆయన వీలునామా, చనిపోయాక వేసిన ఆస్తి జాబితా, కూతుళ్లకిచ్చిన కట్నపు దస్తావేజులు కౌంటీ పుస్తకాల్లో వెతకాలి. మనుషుల పేర్లు అక్కడ ధరలతో సహా ఉంటాయి. చదవడం కష్టంగానే ఉంటుంది. తల్లినీ చంటిబిడ్డనూ ఒకే వరుసలో రాసి ఒకే ధర కట్టిన చోట తల్లీబిడ్డల బంధం రుజువవుతుంది, కాబట్టి చదవక తప్పదు.

కోర్టుహౌస్ కాలిపోయిందన్నారు. ఇక ఆశ లేదా?

వర్జీనియాలో కొన్ని కౌంటీలు యుద్ధం నుంచి కాపాడదామని తమ పుస్తకాలను రిచ్‌మండ్‌కు పంపాయి. 1865 ఏప్రిల్ 3న నగరం తగలబడినప్పుడు అవి అక్కడే కాలిపోయాయి. హానోవర్ కౌంటీ నష్టం అందులో పెద్దది. అలాంటి చోట్ల రాజధానికి వెళ్లిన నకళ్లు ఆదుకుంటాయి. వర్జీనియా ఆస్తి పన్ను జాబితాలు 1782 నుంచి లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి. మంటల తర్వాత చాలామంది తమ దగ్గరున్న పాత దస్తావేజును మళ్లీ నమోదు చేయించారు కాబట్టి 1830 నాటి అమ్మకం 1870ల పుస్తకంలో కనిపించవచ్చు.

కాలిందని అనుకునే ముందు కౌంటీ గీతలు చూడండి. జార్జియాలో ఇప్పుడు 159 కౌంటీలు, ఒకదాని నుంచి ఒకటి చీలినవే ఎక్కువ. వెస్ట్ వర్జీనియా 1863 దాకా వర్జీనియాలో భాగం. ఇల్లు కదలకుండానే కుటుంబం మూడు కౌంటీల పుస్తకాల్లోకి ఎక్కుతుంది. న్యూబెరీ లైబ్రరీ వాళ్ల పాత కౌంటీ సరిహద్దుల అట్లాస్ ఉచితం, ఏ తేదీకి ఏ గీతో చూపిస్తుంది.

సమాధి ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

డెత్ సర్టిఫికెట్లో పూడ్చిన చోటు ఉంటుంది. కానీ దక్షిణాదిలో రాష్ట్రస్థాయి మరణ నమోదు ఆలస్యంగా మొదలైంది: అలబామా 1908, మిసిసిపి 1912, ఉత్తర కెరొలైనా 1913, దక్షిణ కెరొలైనా 1915, జార్జియా 1919. అంతకు ముందైతే ఫైండ్ ఎ గ్రేవ్, బిలియన్ గ్రేవ్స్ అనే సమాధుల వెబ్‌సైట్లు, కౌంటీ చరిత్ర సంఘం అచ్చేసిన శ్మశానాల పుస్తకం, 1930ల్లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద జరిగిన సర్వేలు చూడాలి. ఆ సర్వేలు రాసినప్పుడు చదవగలిగిన రాళ్లు చాలా ఇప్పుడు అరిగిపోయాయి.

చాలా కుటుంబాలకు పొలంలోనే సొంత శ్మశానం ఉండేది, సాధారణంగా ఇంటికి దగ్గర మిట్ట మీద. పాత టోపో మ్యాపుల్లో గుర్తుంటుంది. అడవి కమ్ముకున్నా నేలమీద పాకే వింకా తీగ, యుక్కా మొక్కలు, ముసలి ఎర్ర సీడార్ చెట్లు కనబడితే ఆగి చూడండి. తూర్పు పడమరలుగా గుంతలు పడి ఉంటాయి. పేరు లేని నాటురాళ్లు తలవైపొకటి, కాళ్లవైపొకటి ఉంటాయి. టెన్నెసీ వ్యాలీ అథారిటీ డ్యాముల కింద మునిగిన ఊళ్లదైతే సమాధులను వేరే చోటికి మార్చి ఉంటారు. ఆ ఫైళ్లలో దగ్గరి బంధువు పేరు కూడా దొరుకుతుంది.

పొలం వేరేవాళ్లదైతే అడిగి వెళ్లండి. వర్జీనియా లాంటి రాష్ట్రాల్లో వారసులకు సమాధి దగ్గరికి వెళ్లే హక్కు చట్టంలో ఉంది, అయినా ముందు చెప్పడమే మర్యాద, క్షేమం కూడా. చలికాలం వెళితే పాములు, పిడుదుల బాధ తక్కువ. వేట సీజన్ అయితే నారింజ రంగు చొక్కా తప్పనిసరి.

రాయి మీద అక్షరాలు కనబడటం లేదు. సుద్ద పూయొచ్చా?

వద్దు. సుద్ద, షేవింగ్ నురగ, పిండి ఏదీ పూయొద్దు. బ్లీచ్, యాసిడ్, ఇనుప బ్రష్, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. బ్లీచ్ ఉప్పు రాతిలో ఇంకి, ఆరినప్పుడల్లా స్ఫటికాలు కట్టి లోపలి నుంచి పగలగొడుతుంది. పాత పాలరాయి అప్పటికే పంచదారలా రాలే స్థితిలో ఉంటుంది.

చదవడానికి వెలుతురు చాలు. అద్దంతో ఎండను పక్క నుంచి, రాతి ముఖానికి దాదాపు సమాంతరంగా పడేలా తిప్పితే అక్షరాల అంచులకు నీడ వస్తుంది. ఎండ లేకపోతే టార్చి అదే కోణంలో పట్టి, పైన గుడ్డ కప్పి ఫొటో తీయండి. కడగాల్సి వస్తే బాగా తడిపి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దండి. పై నుంచి మొదలుపెడితే మురికి చారలు పడతాయి. నాచుకు డి/2 అనే ద్రావణం వాడతారు. రాయి కదులుతున్నా, తట్టితే డొల్ల శబ్దం వచ్చినా ముట్టుకోకండి.

రాతి మీద పుట్టిన తేదీ లేదు, '62 ఏళ్ల 5 నెలల 20 రోజులు' అని ఉంది. ఎలా లెక్కేయాలి?

1887 మార్చి 14న పోయారనుకోండి. 18870314లోంచి 620520 తీసేస్తే 18249794. నెలల్లోనూ రోజుల్లోనూ అప్పు తెచ్చుకున్నాం కాబట్టి మరో 8870 తీయాలి: 18240924, అంటే 1824 సెప్టెంబర్ 24. రోజుల్లో మాత్రమే అప్పు పడితే 70, నెలల్లో మాత్రమే పడితే 8800, ఏదీ పడకపోతే ఏమీ తీయక్కర్లేదు. నెలను 30 రోజులుగా పట్టిన లెక్క కాబట్టి ఒకట్రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది.

రాళ్ల మీద ఇంకో రెండు మాటలు ఉపయోగపడతాయి. 'కన్సార్ట్' అంటే భర్త ఉండగా పోయిన భార్య, 'రెలిక్ట్' అంటే భర్త పోయాక మిగిలిన విధవ. దాన్నిబట్టి భర్త మరణానికి ఒక హద్దు దొరుకుతుంది. మొద్దు నరికిన చెట్టు ఆకారంలో ఉన్న రాయి చాలాసార్లు ఉడ్‌మెన్ ఆఫ్ ద వరల్డ్ సభ్యుడిది. ఆ సంఘం 1890లో పుట్టింది.

ఫైండ్ ఎ గ్రేవ్‌లో ఉన్నదంతా నిజమేనా?

రాయి ఫొటో వరకే నమ్మండి. కింద రాసిన జీవిత కథ, తల్లిదండ్రుల లింకులు ఎవరో చేర్చినవి. రాయి కూడా చూడటానికి కొత్తగా ఉంటే యాభై ఏళ్ల తర్వాత మనవలు వేయించి ఉంటారు, ఆ తేదీలు వాళ్లు విన్నవి. జంట రాయి మీద పేరున్నంత మాత్రాన మనిషి అక్కడే ఉన్నట్టు కాదు. మళ్లీ పెళ్లి చేసుకున్న భార్య వేరే ఊళ్లో ఉండొచ్చు.

పాత పత్రికలు ఎక్కడ చూడాలి?

ముందు ఉచితమైనవి: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా, జార్జియా హిస్టారిక్ న్యూస్‌పేపర్స్, డిజిటల్ ఎన్.సి., వర్జీనియా క్రానికల్, పోర్టల్ టు టెక్సస్ హిస్టరీ. తర్వాతే చందా కట్టే సైట్లు. చందా కట్టేముందు మీ కౌంటీ వారపత్రిక, మీకు కావలసిన ఏళ్లు అందులో ఉన్నాయో లేదో జాబితా చూసుకోండి. లక్షల పేజీలని ప్రకటన ఉంటుంది, మీ ఊరి పత్రిక మాత్రం ఉండదు.

నల్లజాతి కుటుంబాల వార్తలకు రిచ్‌మండ్ ప్లానెట్, సవానా ట్రిబ్యూన్, నార్‌ఫోక్ జర్నల్ అండ్ గైడ్, అట్లాంటా డైలీ వరల్డ్ చూడాలి. విడిపోయిన తల్లిని, అన్నదమ్ములను వెతుకుతూ విముక్తులు ఇచ్చిన ప్రకటనలు న్యూ ఓర్లీన్స్‌లో వెలువడిన సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్‌లో 'లాస్ట్ ఫ్రెండ్స్' శీర్షిక కింద వచ్చేవి. పాస్టర్లు వాటిని చర్చిలో చదివి వినిపించేవాళ్లు. ఒక్క ప్రకటనలో తల్లి పేరు, యజమానులు మారిన క్రమం, అమ్మిన ఊరు అన్నీ దొరికిన సందర్భాలున్నాయి. తెల్లవాళ్లలో మెథడిస్టులైతే సదరన్ క్రిస్టియన్ అడ్వొకేట్, జార్జియా బాప్టిస్టులైతే క్రిస్టియన్ ఇండెక్స్ మరణ వార్తలు వేసేవి.

పత్రికలో పేరు కొడితే ఏమీ రావడం లేదు.

పెళ్లయిన స్త్రీని ఆమె పేరుతో రాసేవాళ్లు కాదు, భర్త పేరుకు ముందు 'మిసెస్' అని పెట్టేవాళ్లు. మగవాళ్లకు రెండు పొడి అక్షరాలు, ఇంటిపేరు. అలా వెతకండి. కంప్యూటర్ చదివిన అచ్చులో మసకబారిన అక్షరాలు తప్పుపడతాయి, వరుస చివర పేరు రెండు ముక్కలవుతుంది. పేరు బదులు చర్చి, శ్మశానం, వాగు, పోస్టాఫీసు పేరుతో వెతికితే దొరుకుతుంది.

వారపత్రికలో మరణ వార్త వారం రెండు వారాలు ఆలస్యంగా వస్తుంది. తర్వాత కృతజ్ఞతల ప్రకటన, ఆయన సభ్యుడిగా ఉన్న సంఘం (లాడ్జి) సంతాప తీర్మానం, ఆస్తి నిర్వాహకుడి నోటీసు వస్తాయి. కాబట్టి చనిపోయిన రోజు నుంచి కనీసం మూడు నెలల సంచికలు తిరగేయండి. 'ఇన్‌స్ట్.' అంటే ఈ నెల, 'అల్ట్.' అంటే పోయిన నెల. మే 3 పత్రికలో '28 అల్ట్.' అంటే ఏప్రిల్ 28. ఇది తప్పు చదివి మే 28 అని రాసుకున్న వంశవృక్షాలు చాలానే ఉన్నాయి.

ఊరి కబుర్ల శీర్షికను తక్కువ చేయకండి. ఫలానావిడ బర్మింగ్‌హామ్ నుంచి చెల్లెలింటికి వచ్చి వెళ్లింది అన్న ఒక్క వాక్యం 1890 ఖాళీలో తప్పిపోయిన ఆడపిల్ల కొత్త ఇంటిపేరు చెప్పేస్తుంది.

సెన్సస్ ఒకటి, రాయి ఒకటి, పత్రిక ఒకటి చెబుతున్నాయి. ఏది రాసుకోవాలి?

మూడూ రాసుకుని, ఒక్కోదాని పక్కన చెప్పిందెవరు, ఎప్పుడు అని వేయండి. డెత్ సర్టిఫికెట్లో మరణ తేదీ డాక్టరు రాసింది, నమ్మొచ్చు. అదే కాగితంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు దుఃఖంలో ఉన్న అల్లుడు చెప్పింది, అంత గట్టిది కాదు. 1936 తర్వాత బతికున్నవాళ్లయితే సోషల్ సెక్యూరిటీ దరఖాస్తు నకలు తెప్పించండి. అందులో తల్లిదండ్రుల పేర్లు ఆ మనిషే చెప్పినవి. కాన్ఫెడరేట్ పెన్షన్ ఫెడరల్ ప్రభుత్వం ఇవ్వలేదు, సైనికుడు తర్వాత కాపురమున్న రాష్ట్రం ఇచ్చింది. జార్జియాలో పోరాడి టెక్సస్‌లో పోయినవాడి ఫైలు టెక్సస్‌లో ఉంటుంది, విధవ దరఖాస్తైతే పెళ్లి తేదీ కూడా దొరకవచ్చు.

ఇంటర్నెట్లో పదిహేను వంశవృక్షాలు ఒకే తేదీ చూపిస్తే పదిహేను సాక్ష్యాలనుకోకండి. ఒకరు రాసినదాన్ని పద్నాలుగు మంది ఎక్కించుకుని ఉంటారు.

ఎంత ఖర్చవుతుంది?

సెన్సస్ వరకు పైసా పెట్టక్కర్లేదు. ఫ్యామిలీ సెర్చ్‌లో ఉచిత ఖాతా తెరిస్తే 1950 దాకా చూడొచ్చు, హైదరాబాద్‌లో కూర్చుని కూడా. కొన్ని కౌంటీ పుస్తకాల చిత్రాలు మాత్రం వాళ్ల కేంద్రాల్లో, అనుబంధ లైబ్రరీల్లోనే తెరుచుకుంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు చాలా పబ్లిక్ లైబ్రరీల్లో యాన్సెస్ట్రీ లైబ్రరీ ఎడిషన్ ఉచితం. డబ్బు పెట్టేదుంటే డెత్ సర్టిఫికెట్ నకళ్లకు, కౌంటీ ప్రొబేట్ (చనిపోయినవాళ్ల ఆస్తి పంపకం) ఫైళ్ల నకళ్లకు పెట్టండి. ప్రొబేట్ ఫైలు అడిగేటప్పుడు వీలునామా ఒక్కటే కాదు, మొత్తం కట్ట కావాలని స్పష్టంగా రాయండి. లేకపోతే రెండు పేజీలు పంపి ఊరుకుంటారు, వారసుల రసీదులు పెట్టెలోనే ఉండిపోతాయి.